చేనుగట్టున మూగబోయే సెల్‌ఫోను



ఈ పూట విత్తనాన్ని గురించీ, ఎరువును గురించీ కాక, మన జేబులో ఉండే సెల్‌ఫోనును గురించి నాలుగు మాటలు చెప్పదలచాను. పాడిపంటల ముచ్చట్లలో ఫోను గొడవ ఎందుకని మీలో కొందరికి తోచవచ్చును. కాని నర్సీపట్నం చుట్టుపట్ల ఏ ఊరి రచ్చబండ దగ్గర కూర్చున్నా వినిపించే మాట ఒక్కటే. "డబ్బులు నెలనెలా ముందుగానే కట్టించుకుంటున్నారు గాని, గుట్ట ఎక్కితే తప్ప సిగ్నలు రాదు" అని. ఈ ఫిర్యాదు న్యాయమైనదే. అయితే అది రచ్చబండ దగ్గర పుట్టి రచ్చబండ దగ్గరే ఆరిపోతున్నది. చేరవలసిన చోటికి దానిని ఎట్లా చేర్చాలి, ఎవరిని అడగాలి, ఏమని అడగాలి అనేదే ఈనాటి ప్రసంగం.

మొదట ఒక సంగతి చూద్దాం. నాగలీ, పారా వలెనే ఫోను కూడా ఈనాడు సేద్యపు పనిముట్టు అయి కూర్చున్నది. చెరకు ఆడించి బెల్లం వండిన రైతు అనకాపల్లి మార్కెట్టులో ఆనాటి ధర ఏమిటో తెలుసుకొని బండి కట్టాలంటే ఫోను కావాలి. పైరుకు తెగులు తగిలితే 1800-180-1551 నంబరుకు ఫోను చేసి సలహా అడగవచ్చును. 2004 జనవరి 21న మొదలైన ఈ కిసాన్ కాల్ సెంటరుకు చేసే ఫోనుకు ఖర్చు లేదు. ఉదయం 6 గంటల నుండి రాత్రి 10 గంటల వరకు మన భాషలోనే జవాబు చెబుతారు. పశువు మేత మానితే సంచార పశువైద్యానికి 1962 ఉన్నది. మనిషికి ఆపద వస్తే 108 ఉన్నది. పీఎం కిసాన్ డబ్బు పడాలంటే ఈ-కేవైసీ కావాలి, ఆ ఓటీపీ వచ్చేదీ ఈ ఫోనులోకే. 2023 జనవరి 1 నుండి ఉపాధి హామీ పనుల హాజరు కూడా ఫోనులోనే వేయాలని ఏర్పాటు చేశారు. ఇన్ని పనులు ఫోనుకు తగిలించినపుడు, ఆ ఫోను పలకకపోతే నష్టపోయేది ఎవరు? బెల్లం రెండు రోజులు ముందు అమ్ముకొని ధర పోగొట్టుకొన్నవాడూ, ఓటీపీ రాక వాయిదా తప్పినవాడూ, పాము కరిచిన బిడ్డను పెట్టుకొని సిగ్నలు కోసం గట్లమ్మట పరుగెత్తిన తల్లీ. కాబట్టి సిగ్నలును విలాసమనుకోకూడదు. కాలువ నీటిని అడిగినట్లే దీనినీ అడగవలసి ఉన్నది.

ఇక మన ప్రాంతపు తీరు చూద్దాం. నర్సీపట్నానికి పడమటి వైపు తూర్పు కనుమలు గోడ కట్టినట్లు నిలుచున్నాయి. గొలుగొండ, నాతవరం, రోలుగుంట వైపు ఊళ్లు ఆ కొండల పాదాన ఉన్నవి. పైకి పోతే కొయ్యూరు, చింతపల్లి, గూడెం కొత్తవీధి మన్యం. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయినపుడు నర్సీపట్నం అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. కొయ్యూరు, చింతపల్లి, గూడెం కొత్తవీధి మాత్రం అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి పోయినవి. సంత ఒకటే, కొండ ఒకటే అయినా అర్జీ పెట్టే కచేరీలు రెండయినవి. అర్జీ వ్రాసేటప్పుడు ఈ తేడా మరచిపోకండి. ఊరు ఏ జిల్లాదో ఆ జిల్లాకే వ్రాయాలి.

సిగ్నలు అంటే ఏమిటో కొంచెం తెలుసుకొంటే, ఎక్కడ లోపమో పట్టుకోవటం సులభమవుతుంది. టవరు నుండి బయలుదేరే తరంగాలు దీపపు వెలుగు వంటివి. ఎదుట కొండ అడ్డుపడితే కొండ వెనుక నీడ పడుతుంది. ఆ నీడలో ఉన్న ఊరికి టవరు రెండు మైళ్ల దూరంలోనే ఉన్నా ఫలితం లేదు. ఈ తరంగాలలోనూ రకాలున్నవి. 700, 850, 900 మెగాహెర్ట్‌జ్ వంటి తక్కువ పౌనఃపున్యం గలవి దూరం పోతాయి, గోడలను కూడా కొంత దాటుతాయి. 1800, 2300 మెగాహెర్ట్‌జ్ వంటివి ఎక్కువ సమాచారం మోస్తాయి గాని అంత దూరం పోవు. పట్నంలో ఇంటింటికీ దగ్గరగా టవరు ఉంటుంది కనుక రెండవ రకంతో పని జరుగుతుంది. దూరం దూరంగా ఇళ్లున్న పల్లెకు మొదటి రకం ఎక్కువ అవసరం.

మరొక పోలిక చెబుతాను. తాండవ కాలువ క్రింద సేద్యం చేసేవారికి ఇది బాగా తెలుసు. తూము దగ్గరి పొలానికి నీరు దండిగా పారుతుంది, శివారు పొలానికి తడి అందదు. నాట్ల రోజులలో అందరూ ఒక్కసారి మడులు తడుపుకొంటే శివారువాడి గతి చెప్పనక్కరలేదు. టవరు కూడా అంతే. రాత్రి ఏడు గంటలకు ఊరంతా సినిమాలు చూడటం మొదలుపెడితే, ఫోనుపైన గీతలు నిండుగా కనిపించినా మాట తెగిపోతుంది, డబ్బు పంపితే చక్రం తిరుగుతూ ఉంటుంది. గీతలున్నవి కదా అని సిగ్నలు బాగున్నట్లు కాదు. కాలువలో నీరున్నంత మాత్రాన మన మడి తడిసినట్లు కాదు కదా!

అందువల్ల ముందుగా జబ్బు ఏదో గుర్తించవలెను. పైరుకు పురుగా, తెగులా, పోషక లోపమా అని చూసి కదా మందు కొడతాం. ఇక్కడా అదే పద్ధతి.

ఒకటి. ఊరంతటా, పగలూ రాత్రీ, ఎవరి ఫోనుకూ సిగ్నలు లేకపోతే అక్కడికి టవరు అందటం లేదన్నమాట. దానికి కొత్త టవరే మందు.

రెండు. కరెంటు పోయిన గంటకో రెండు గంటలకో సిగ్నలు కూడా పోతుంటే, టవరు దగ్గర బ్యాటరీలు పాడైనవని గాని, జనరేటరుకు డీజిలు పోయటం లేదని గాని అనుమానించాలి. ఇది నిర్వహణ లోపం. కొత్త టవరు అక్కరలేదు, ఉన్నదానిని సరిగా చూసుకొంటే చాలు.

మూడు. గీతలుండి కూడా ఇంటర్నెట్టు నడవకపోతే, రద్దీ ఎక్కువైనా కావచ్చు, టవరుకు వచ్చే ఫైబరు తీగ తెగి అయినా ఉండవచ్చు. రోడ్డు పనికి తవ్వినపుడు ఆ తీగ తెగటం మామూలే. సాయంత్రం పూట మాత్రమే ఇబ్బందిగా ఉంటే రద్దీ అనీ, ఒకనాడు హఠాత్తుగా మొదలై రోజంతా ఉంటే తీగ తెగిందనీ అనుకోవచ్చును.

నాలుగు. అరుగు మీద పలికి, ఇంటిలోపల మాత్రం పలకకపోతే అది గోడల వల్ల, స్లాబు వల్ల. ఇంట్లో ఫైబరు కనెక్షను ఉన్నవారు ఫోనులో వైఫై కాలింగు పెట్టుకొంటే ఇబ్బంది తీరుతుంది.

ఐదు. పక్కవాడికి అదే కంపెనీ సిగ్నలు వస్తూ, మనకు రాకపోతే తప్పు మన ఫోనుదో, సిమ్ముదో. 4జీ మాత్రమే ఉన్న చోట పాత 2జీ కీప్యాడు ఫోను మూగపోతుంది. సిమ్మును మరొక ఫోనులో వేసి చూడటం ఒక్క నిమిషపు పని.

జబ్బు తెలిసిన తరువాత, ఒక చిన్న పుస్తకం పెట్టండి. పాల లెక్క వ్రాసుకొన్నట్లే సిగ్నలు లెక్క వ్రాయండి. ఏ తేదీన, ఎన్ని గంటలకు, ఎక్కడ, ఏ కంపెనీ సిమ్ముకు, ఏమి ఆగింది — మాటా, మెసేజా, ఇంటర్నెట్టా — అప్పుడు కరెంటు ఉన్నదా లేదా. ఇంతే. పది రోజులు వ్రాస్తే చాలు. "మా ఊళ్లో సిగ్నలు రాదండీ" అనే మాటకు "చూస్తామండీ" అనే జవాబు వస్తుంది. "ఫలానా వారంలో అయిదుసార్లు, కరెంటు పోయిన గంటలోపల టవరు ఆగింది, ఇవిగో తేదీలు" అంటే జవాబు చెప్పక తప్పదు. మనకు చేతివ్రాత రాకపోతే బడికి పోయే పిల్లల చేత వ్రాయించవచ్చును.

ఇప్పుడు ఫిర్యాదు చేసే దారి చెబుతాను. జాగ్రత్తగా వినండి.

ఏ కంపెనీ సిమ్ము అయినా సరే, ఆ ఫోను నుండి 198 నంబరుకు చేస్తే కంపెనీ ఫిర్యాదు కేంద్రం పలుకుతుంది. దీనికి డబ్బు పడదు. ఫిర్యాదు చెప్పినాక వారు ఒక నంబరు ఇవ్వాలి. ఆ నంబరే మన రసీదు. ఎరువు కొని రసీదు తీసుకోకపోతే నాసిరకమని తేలినా ఎట్లా నిలదీయలేమో, ఇక్కడ ఈ నంబరు లేకపోతే ఫిర్యాదు చేసినట్లే కాదు. నంబరు ఇవ్వనిదే ఫోను పెట్టకండి. దానిని మన పుస్తకంలో తేదీతో సహా వ్రాసుకోండి.

వారు పట్టించుకోకపోయినా, చెప్పిన సమాధానం మనకు నచ్చకపోయినా రెండవ మెట్టు ఉన్నది. ప్రతి కంపెనీలోనూ అప్పీలు వినే అధికారి ఉండాలని 2012లో టెలికాం నియంత్రణ సంస్థ, అంటే ట్రాయ్, నిబంధన చేసింది. 30 రోజులలోగా అప్పీలు చేసుకోవాలి. దానిని 39 రోజులలో తేల్చాలి. ఇందుకు రుసుము లేదు. ఇక్కడ ఒక పొరపాటు అభిప్రాయం ఉన్నది. చాలామంది తిన్నగా ట్రాయ్‌కే వ్రాస్తారు. ట్రాయ్ నిబంధనలు చేసే సంస్థ, ఒక్కొక్కరి ఫిర్యాదును విడివిడిగా విచారించి తీర్పు చెప్పదు. కాబట్టి 198, ఆ తరువాత అప్పీలు, ఈ వరుస తప్పకండి.

అక్కడా న్యాయం జరగకపోతే వినియోగదారుల కమిషను ఉన్నది. టెలికాం గొడవలు ఆ కమిషను వినకూడదని కొన్నాళ్లు వాదన నడిచింది. 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు వినవచ్చునని తేల్చి చెప్పింది. డబ్బు తీసుకొని సేవ చేసే ప్రతివాడూ సేవ లోపానికి జవాబు చెప్పవలసిందే.

2024లో ట్రాయ్ కొత్త నాణ్యత నిబంధనలు తెచ్చింది. అవి అక్టోబరు 1 నుండి అమలులోకి వచ్చినవి. వాటిలో రైతుకు పనికివచ్చేవి రెండున్నవి. మొదటిది, ఎక్కడెక్కడ 2జీ, 4జీ, 5జీ అందుతుందో ప్రతి కంపెనీ తన వెబ్‌సైటులో పటం పెట్టాలి. మీ ఊరు ఆ పటంలో రంగు పూసి ఉండి, ఊళ్లో మాత్రం సిగ్నలు లేకపోతే, ఆ పటమే మీకు సాక్ష్యం. పటాన్ని ఫోనులో బొమ్మ తీసి అర్జీకి జత చేయండి. రెండవది, ఒక జిల్లాలో సేవ 24 గంటలకు మించి ఆగిపోతే, నెలనెలా బిల్లు కట్టేవారికి ఆ మేరకు అద్దె తగ్గించాలి, ముందుగా రీఛార్జి చేసుకొన్నవారికి గడువు పెంచాలి. ఇది 2025 ఏప్రిల్ 1 నుండి వర్తిస్తుంది. అయితే ప్రకృతి వైపరీత్యాలకు ఇది వర్తించదు. పైగా జిల్లా స్థాయి అంతరాయానికే గాని, మన ఊరి ఒక్క టవరు ఆగినందుకు కాదు. ఉన్న హక్కు ఎంతో, లేనిది ఎంతో రెండూ తెలిసి అడిగితేనే మాట నిలుస్తుంది.

ఇంతవరకు ఒక్కొక్కరి సంగతి. టవరే లేని ఊరికి ఒక్కడి ఫిర్యాదుతో టవరు రాదు. కొండ మీద పది గడపల ఊరికి టవరు వేస్తే కంపెనీకి లాభం రాదు, అందుకని వారు రారు. ఇందుకోసమే ప్రభుత్వం 2002లో ఒక నిధి ఏర్పాటు చేసింది. కంపెనీల రాబడిలో కొంత భాగం దానికి పోతుంది. అంటే చివరకు మనం కట్టే రీఛార్జి డబ్బులో నుండే. ఆ నిధినే ఇప్పుడు డిజిటల్ భారత్ నిధి అంటున్నారు. 2021 నవంబరులో కేంద్ర మంత్రివర్గం అయిదు రాష్ట్రాలలోని 44 వెనుకబడిన జిల్లాలకు చెందిన 7,287 గ్రామాలకు 4జీ ఇవ్వాలని తీర్మానించింది. వాటిలో 1,218 ఆంధ్రప్రదేశ్‌వి. అందులో కూడా అత్యధికం అప్పటి విశాఖపట్నం జిల్లావే. మరుసటి సంవత్సరం జూలైలో దేశమంతటా మిగిలిపోయిన 24,680 గ్రామాల కోసం 26,316 కోట్ల రూపాయలతో మరొక పథకానికి అనుమతి వచ్చింది. 2023 జూన్‌లో మన రాష్ట్రంలో ఒకే రోజు 100 టవర్లు ప్రారంభించినపుడు, 85 అల్లూరి సీతారామరాజు జిల్లావే.

అంటే డబ్బు లేక కాదు, దారి లేకా కాదు. మన ఊరి పేరు ఆ జాబితాలో ఉన్నదా లేదా అన్నదే ప్రశ్న. జాబితాలు వ్రాసేటప్పుడు రెవెన్యూ గ్రామం పేరు ఎక్కుతుంది, గెడ్డ అవతలి శివారు పల్లె ఎక్కదు. రెవెన్యూ గ్రామంలో సిగ్నలు ఉన్నది కనుక లెక్కలో ఊరికి సిగ్నలు ఉన్నట్లే. శివారు పల్లె సంగతి ఎవరూ అడగరు. అడగందే అమ్మయినా పెట్టదు కదా! కనుక గ్రామసభలో తీర్మానం చేయించండి. తీర్మానంలో శివారు పల్లెల పేర్లు విడివిడిగా, ఒక్కొక్కచోట ఎన్ని ఇళ్లున్నవో, బడి, అంగనవాడీ, రేషను దుకాణం ఉన్నవో లేవో వ్రాయించండి. మీ పుస్తకంలోని పది రోజుల లెక్కను జతపరచండి. సోమవారం నాడు కలెక్టరు కచేరీలో గాని, నర్సీపట్నం ఆర్.డి.ఓ. కచేరీలో గాని అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. ఒక నకలు మీ పార్లమెంటు సభ్యునికి ఇవ్వండి.

మరొక సంగతి కూడా అడగండి. ఈ నిధితో కట్టిన టవర్ల దగ్గర ఒక కంపెనీ సిమ్ము ఉన్నవారు మరొక కంపెనీ 4జీ సిగ్నలును వాడుకొనే ఏర్పాటును 2025 జనవరి 17న ప్రారంభించారు. బీఎస్ఎన్ఎల్, ఎయిర్‌టెల్, జియో మూడూ ఇందులో ఉన్నవి. ప్రజల డబ్బుతో కట్టిన టవరు నీడన ఉండి కూడా సిమ్ము వేరని మన ఫోను పలకకపోతే, ఈ ఏర్పాటు ఇక్కడ ఎందుకు లేదని అడిగే హక్కు మనకున్నది.

టవరు ఉండి కూడా మన కంపెనీ సేవ బాగులేకపోతే, కంపెనీని మార్చుకోవచ్చును. నంబరు మారదు. ఈ వీలు 2011 జనవరి 20 నుండి దేశమంతటా ఉన్నది. ఇంగ్లీషు అక్షరాలతో పోర్ట్ అని కొట్టి, కొంచెం ఖాళీ వదలి, మన పది అంకెల నంబరు వేసి 1900కు మెసేజి పంపితే ఒక కోడు వస్తుంది. నాలుగు రోజులలోగా దానిని కొత్త కంపెనీ దుకాణంలో చూపించాలి. కాని తొందరపడకండి. పట్నంలో దుకాణంవాడి ఫోనులో సిగ్నలు చూసి మారకూడదు. ఆ కంపెనీ సిమ్ము ఉన్న చుట్టాన్ని ఒక పూట మన పొలానికి పిలిచి, బోరు దగ్గరా, కల్లం దగ్గరా, పెరట్లోనూ పలుకుతున్నదో లేదో చూసి మారాలి.

ఇక కొన్ని జాగ్రత్తలు.

సిగ్నలు పెంచుతుందని చెప్పి బజారులో బూస్టరు పెట్టెలు అమ్ముతారు. అనుమతి లేకుండా వాటిని పెట్టటం చట్టవిరుద్ధం. అది కాలువకు దొంగ మోటారు తగిలించటం వంటిదే. మన ఇంట్లో నాలుగు గీతలు వస్తాయేమో గాని, పక్క వీధివాళ్ల సిగ్నలు చెడిపోతుంది.

"మీ పొలంలో టవరు వేస్తాం, నెలకు వేలకు వేలు అద్దె, ముందుగా ఇంత కట్టండి" అని ఎవరైనా ఫోను చేస్తే ఒక్క రూపాయి కూడా పంపకండి. ట్రాయ్ ముద్ర వేసిన కాగితం చూపినా నమ్మకండి. ట్రాయ్ టవర్లకు అటువంటి అనుమతి పత్రాలు ఇవ్వదు. పొలం అద్దెకు తీసుకొనేవాడు మనకు డబ్బు ఇవ్వాలి గాని, మన దగ్గర తీసుకోడు.

సిగ్నలు కావాలని ఒకప్రక్క అర్జీ పెట్టి, టవరు వస్తే జబ్బులు వస్తాయని మరొక ప్రక్క పని ఆపించిన ఊళ్లున్నవి. 2012 సెప్టెంబరు 1 నుండి మన దేశంలో టవరు తరంగాలకు పెట్టిన హద్దు, అంతర్జాతీయంగా సూచించిన హద్దులో పదవ వంతు మాత్రమే. అనుమానం ఉంటే కొలిపించమని అడగవచ్చును, ఊరికే భయపడవద్దు.

ఓటీపీ మన ఊళ్లో రాదని ఫోనును, ఆధారు కార్డును ఎవరి చేతికో ఇచ్చి పట్నం పంపకండి. పీఎం కిసాన్ ఈ-కేవైసీ వేలిముద్రతో కూడా చేయించుకోవచ్చును. స్వయంగా సేవా కేంద్రానికి పోయి చేయించుకోవటమే క్షేమం.

చివరిగా ప్రాణానికి సంబంధించిన మాట. మన కంపెనీ సిగ్నలు లేకపోయినా, అక్కడ మరే కంపెనీ సిగ్నలు ఉన్నా 112కు ఫోను కలుస్తుంది. ఈ ఒక్క నంబరు ఇంట్లో పిల్లలకూ, పెద్దలకూ కంఠతా నేర్పండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినపుడు విశాఖ జిల్లాలో ఫోన్లు రోజుల తరబడి మూగబోయినవి. అటువంటి రోజులలో ఏ టవరునూ నమ్ముకోలేము. బ్యాటరీ వేసిన చిన్న రేడియో ఒకటి ఇంట్లో ఉంచండి.

సోదరులారా! తాండవ నీరు మన పొలానికి రాకపోతే ఒక్కరమే గట్టున నిలబడి తిట్టుకొని ఊరుకోము. నలుగురం కలిసి లస్కరును అడుగుతాం, ఇంజనీరు దగ్గరకు పోతాం, అర్జీ వ్రాస్తాం. సిగ్నలుకూ అంతే. ఈ ఆదివారం మీ ఊళ్లో నలుగురు కూర్చొని, పుస్తకం తెరచి, మొదటి తేదీ వ్రాయండి. ఆ తరువాత 198కి ఫోను చేసి నంబరు పుచ్చుకోండి. గాలికి పోయే మాటకు విలువ లేదు, నంబరు పడిన ఫిర్యాదుకు ఉన్నది.